టెయిల్ లైట్లకు ఎల్‌ఈడీ వేశాక రాత్రి బ్రేక్ నొక్కిన సంగతి వెనకవాళ్లకు తెలియట్లేదు, ఏం చేయాలి?

మీరు రాసిన దాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. కారు పాతబడింది, వెనక టెయిల్, బ్రేక్ రెండింటికీ కలిపి ఉండే బల్బులు ఏడాదిలో మూడుసార్లు పోయాయి. విసిగిపోయి తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు వేశారు. పగలు బాగానే ఉంది గానీ, రాత్రిపూట మీరు బ్రేక్ నొక్కినా వెనక వచ్చేవాళ్లకు తేడా తెలియట్లేదని మీ స్నేహితుడు చెప్పాడు. పైగా డ్యాష్‌బోర్డులో బల్బు గుర్తు వెలుగుతోంది. ఇంకా ఎక్కువ కాంతి ఇచ్చే ఎల్‌ఈడీ కొంటే సరిపోతుందా, వెనక అద్దం దగ్గరుండే మూడో బ్రేక్ లైటు కూడా మార్చాలా అని మీ ప్రశ్న.

ఎక్కువ కాంతి ఇచ్చేది కొనకండి. సమస్య తగ్గకపోగా పెరిగే అవకాశమే ఎక్కువ. ఇరవై ఏళ్లకు పైగా బండ్ల కరెంటు పని చేస్తున్నాను. వెనక లైట్లకు ఎల్‌ఈడీ వేసి తిప్పలు పడ్డవాళ్లలో కాంతి చాలక ఇబ్బంది పడ్డవాళ్లు తక్కువ. వెనకవాడి కన్ను పట్టుకునేది మీ లైటు ఎంత వెలుగుతోందన్నది కాదు, ఇప్పటిదాకా ఉన్న వెలుగు ఒక్కసారిగా ఎంత పెరిగిందన్నది. ఆ తేడా పోతే లైటు ఎంత మండిపోతున్నా అది ఉత్త టెయిల్ లైటే.

ఈ పాఠం నేను నేర్చుకుంది సొంత కారు మీదే. ఎల్‌ఈడీలు కొత్తగా వస్తున్న రోజుల్లో చేతికొచ్చిన జత ఒకటి బిగించి, పట్టపగలు ఇంటి ముందు బ్రేక్ నొక్కి, వెనక నిలబడ్డ మా బావమరిదిని ఎలా ఉందని అడిగాను. "కళ్లు పోతున్నాయి బావా" అన్నాడు. మురిసిపోయాను. వారం తిరక్కుండానే ఒక రాత్రి వానలో వెనకొచ్చిన వ్యాను హారన్ మోగిస్తూ నా బంపరుకు జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగొచ్చి "బ్రేక్ లైట్లు లేవా సార్?" అన్నాడు. ఉన్నాయి కదా అని నేను వాదించాను కూడా. ఇంటికొచ్చి ఈసారి హెడ్‌లైట్ స్విచ్ వేసి, మళ్లీ బావమరిదిని వెనక నిలబెట్టాను.

"నొక్కు బావా."

"నొక్కాను."

"ఎప్పుడు?"

"ఇందాకే. వదిలేశాను కూడా."

మీ స్నేహితుడు చెప్పింది కూడా అదే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీ బండిలో పాత బల్బు పి21/5డబ్ల్యూ అయి ఉండాలి, దాన్నే కొన్నిచోట్ల 1157 అంటారు. గాజు లోపల రెండు ఫిలమెంట్లు, అంటే వేడెక్కి వెలిగే సన్న తీగలు, ఉంటాయి. ఒకటి 5 వాట్లది, టెయిల్‌కి. రెండోది 21 వాట్లది, బ్రేక్‌కి. టెయిల్ ఫిలమెంట్ ఇచ్చేది సుమారు 35 ల్యూమెన్లు (బల్బు ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత), బ్రేక్ ఫిలమెంట్ ఇచ్చేది సుమారు 440. అంటే పన్నెండు రెట్ల పైమాటే. ఒకే డూమ్‌లో, అంటే లెన్స్‌తో సహా ఉండే లైటు గూట్లో, టెయిల్, బ్రేక్ కలిసి ఉన్నప్పుడు బ్రేక్ నొక్కగానే కాంతి కనీసం ఐదు రెట్లు కావాలని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 7వ నంబరు చెబుతుంది. టెయిల్ లైటుకు కనీస తీవ్రత 4 క్యాండెలాలు (ఒక దిశలో వెళ్లే వెలుగుకు కొలత), బ్రేక్ లైటుకు 60 అని విడివిడిగా పెట్టింది కూడా అదే. మామూలు ఫిలమెంట్ బల్బు వేస్తే ఈ తేడా దానంతటదే వచ్చేస్తుంది, ఎవరూ ఆలోచించాల్సిన పనిలేదు.

ఎల్‌ఈడీలో అలా కాదు. చాలా బల్బుల్లో టెయిల్‌కీ బ్రేక్‌కీ వెలిగేవి అవే చిప్పులు (వెలుగిచ్చే చిన్న ముక్కలు). టెయిల్ వైర్లో కరెంటు వస్తే తక్కువగా, బ్రేక్ వైర్లో వస్తే ఎక్కువగా వెలిగేలా లోపల చిన్న సర్క్యూట్ పెడతారు. ఇక్కడే తయారీదారు తెలివి చూపిస్తాడు. కొనేవాడు బల్బు పెట్టగానే ముందు చూసేది టెయిల్ లైటునే. అది మిలమిలా మెరిస్తే "అబ్బ, ఏం వెలుగు" అనుకుంటాడు. అందుకని టెయిల్ వెలుగును పెంచేస్తారు. బ్రేక్ వెలుగును అదే నిష్పత్తిలో పెంచాలంటే వేడి తట్టుకోదు కాబట్టి దాన్ని ఉన్నచోటే ఉంచేస్తారు. పన్నెండు రెట్లున్నది రెండు రెట్లకో మూడు రెట్లకో దిగిపోతుంది. మనిషి కంటికి రెట్టింపు వెలుగు రెట్టింపుగా అనిపించదు, కొంచెం పెరిగినట్టే ఉంటుంది. చీకట్లో, అందులోనూ వానలో, అప్పటికే ఎర్రగా మండుతున్న లైటు ఇంకొంచెం ఎర్రబడితే ఎవరూ గమనించరు. అందుకే బల్బు కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసిన ల్యూమెన్లు చూడకండి. టెయిల్‌కి ఎంత, బ్రేక్‌కి ఎంత అని రెండు అంకెలూ విడిగా రాసినవాడి దగ్గర కొనండి. రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే ఏడెనిమిదైనా రావాలి. ఒకే అంకె రాసి ఊరుకున్నాడంటే వదిలేయండి.

ఇక రంగు. మీరు తెల్లవి వేశామన్నారు, మీ ఇబ్బందిలో కొంత భాగం ఇక్కడే ఉంది. "డూమ్ ఎలాగూ ఎర్రగా ఉంది, లోపల ఏ రంగైతే ఏం?" అని చాలామంది అడుగుతారు. ఫిలమెంట్ వెలుగులో ఎరుపు పాలు బాగా ఎక్కువ, ఎర్ర లెన్స్‌లోంచి తగినంత బయటికొస్తుంది. తెల్ల ఎల్‌ఈడీ అలా కాదు. అది నిజానికి నీలం ఎల్‌ఈడీ, పైన పసుప్పచ్చ ఫాస్ఫర్ పూత. నీలం, పసుపు కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. అందులో ముదురు ఎరుపు తక్కువే. ఎర్ర లెన్స్ నీలాన్నీ ఆకుపచ్చనీ ఆపేసి ఎరుపునే వదులుతుంది కాబట్టి మీరు తయారుచేసిన వెలుగులో పెద్ద భాగం లెన్స్ లోపలే వేడిగా మారి పోతుంది. బయటికొచ్చేది కూడా ఒక్కోసారి గులాబీ రంగులోకి తిరుగుతుంది, లెన్స్ వెలిసిపోయి ఉంటే మరీను. ఎర్ర డూమ్‌కి ఎర్ర ఎల్‌ఈడీ వేయండి. దాని వెలుగు పుట్టడమే ఎరుపులో పుడుతుంది, లెన్స్ ఆపేదేమీ పెద్దగా ఉండదు. డబ్బా మీద తెల్లదానికి ల్యూమెన్లు ఎక్కువ రాసి ఉంటాయి, మోసపోకండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది, మోటార్‌సైకిళ్లున్నవాళ్లకు పనికొస్తుంది. చాలా బైకుల్లో టెయిల్ లైటు డూమ్ అడుగున ఒక చిన్న పారదర్శకమైన కిటికీ ఉంటుంది. అదే బల్బు వెలుగు అందులోంచి కిందపడి నంబరు ప్లేటును వెలిగిస్తుంది. అక్కడ ఎర్ర ఎల్‌ఈడీ వేస్తే నంబరు ప్లేటు ఎర్రగా వెలుగుతుంది. అలాంటి డూములకు కింది వైపు తెల్ల చిప్పులు, మిగతా వైపులా ఎర్ర చిప్పులు ఉండే బల్బులు దొరుకుతాయి. దొరక్కపోతే పాత బల్బే మేలు.

చిప్పులు ఎటు చూస్తున్నాయన్నది కూడా చూసుకోవాలి. మీ డూమ్ లోపల వెండి పూత పూసిన గిన్నెలాంటి రిఫ్లెక్టర్ ఉంటే, అది ఫిలమెంట్ ఉండే చోటునుంచి నాలుగు వైపులా వచ్చే వెలుగును పట్టి వెనక్కి పంపేలా తయారైంది. ముందువైపు మాత్రమే చిప్పులున్న బల్బు వేస్తే ఆ గిన్నె ఖాళీగా ఉండిపోయి మధ్యలో ఒక చుక్క మాత్రం కళ్లలో పొడుస్తుంది. నేరుగా వెనక నిలబడితే ఘనంగా ఉంటుంది, పక్క లేన్ నుంచి చూస్తే ఏమీ ఉండదు. చుట్టూ చిప్పులుండి, అవి పాత ఫిలమెంట్ ఎత్తులోనే కూర్చునే బల్బు ఏరుకోండి. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. పొడవు కూడా అప్పుడే చూసుకోండి. కొన్ని ఎల్‌ఈడీలు ఎంత పొడవుంటాయంటే డూమ్ మూసేటప్పుడు లెన్స్‌కి తగులుతాయి.

సరే, ఇవన్నీ బల్బు ఎంపిక గురించి. అసలు మీరు బల్బులు మార్చాల్సి వచ్చిందెందుకు? ఏడాదిలో మూడుసార్లు పోయాయన్నారు. అది మామూలు విషయం కాదు. ఆ కారణం అలాగే ఉంటే ఎల్‌ఈడీలు కూడా పోతాయి. కొనే ముందు ఒక మల్టీమీటర్ సంపాదించి రెండు కొలతలు తీయండి.

మొదటిది, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజ్. చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది. 15 దాటి పోతుంటే ఛార్జింగ్ వోల్టేజ్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటర్ సంగతి ముందు చూడాలి. ఫిలమెంట్ బల్బుకు వోల్టేజ్ కొంచెం పెరిగినా ఆయుష్షు దారుణంగా పడిపోతుంది.

రెండోది, ఎర్త్, అంటే కరెంటు బండి బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగెళ్లే దారి. ఇది ఎవరూ చూడరు, నేను ముందు చూసేది ఇదే. మీటర్ ఒక కొసను బ్యాటరీ నెగటివ్‌కి పొడవాటి వైరుతో కలిపి, రెండో కొసను వెనక బల్బు హోల్డర్ ఎర్త్‌కి ఆనించి, ఎవరినైనా బ్రేక్ నొక్కమనండి. ఫిలమెంట్ బల్బు పెట్టే కొలవాలి, ఎల్‌ఈడీ లాగే కరెంటు తక్కువ కాబట్టి దాంతో ఈ తప్పు బయటపడదు. మీటర్ దాదాపు సున్నా చూపాలి. పావు వోల్టు దాటి చూపిస్తే ఎక్కడో తుప్పో, వదులు కనెక్షనో ఉన్నట్టే. అరవోల్టు, వోల్టు చూపించిన బండ్లు కూడా నా చేతుల మీదుగా పోయాయి. ఫిలమెంట్‌కి అందే వోల్టేజ్ పది శాతం తగ్గితే వెలుగు పది శాతం కాదు, సుమారు ముప్పై శాతం పడిపోతుంది. "నా బ్రేక్ లైట్లు మసగ్గా ఉన్నాయి, ఎల్‌ఈడీ వేయండి" అంటూ వచ్చినవాళ్లలో కొందరికి నేను హోల్డర్‌ని ఉప్పుకాగితంతో గీకి, ఎర్త్ వైరు బోల్టు విప్పి కింద పెయింటు, తుప్పు తీసి బిగించి, అదే పాత బల్బు పెట్టి పంపేశాను.

హోల్డర్ లోపలికి టార్చి వేసి చూడండి. కింద రెండు చిన్న స్ప్రింగు కాంటాక్టులు ఉంటాయి. అవి పచ్చగా చిలుం పట్టి ఉన్నా, ఒకటి కుంగిపోయి ఉన్నా, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగులో మాడి ఉన్నా హోల్డరే మార్చండి. బల్బు వేలితో కదిపితే కదులుతుందంటే ఆ వదులే మీ బల్బుల్ని చంపుతోందన్నమాట. డూమ్ లోపల నీటి ఆవిరి ఉంటే వెనక రబ్బరు గ్యాస్కెట్ చూడండి. పాత బల్బు వేడి ఆ చెమ్మను ఎప్పటికప్పుడు ఆరబెట్టేది, ఎల్‌ఈడీ అంత వేడి ఇవ్వదు. మంచు కురిసే చోట్ల లెన్స్ మీద పేరుకున్న మంచు కరగకుండా లైటును కప్పేసేది కూడా ఇందుకే.

ఇవన్నీ సరిగా ఉన్నాయనుకుందాం. ఎల్‌ఈడీలోనే ఇంకో తిరకాసు ఉంది. చౌక బల్బుల్లో కరెంటును అదుపులో పెట్టేది ఒక్క రెసిస్టర్. తెల్ల చిప్పు ఒక్కోదానికి 3.2 వోల్టులు కావాలి. మూడింటిని వరసగా కలిపితే 9.6. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12 వోల్టుల దగ్గర రెసిస్టర్ మీద పడేది 2.4. ఇంజిన్ నడుస్తూ 14.4 వస్తే రెసిస్టర్ మీద 4.8. అంటే బ్యాటరీ వోల్టేజ్ అయిదో వంతు పెరిగితే చిప్పుల్లో కరెంటు ఇంచుమించు రెట్టింపైంది. షాపు బల్ల మీద 12 వోల్టులకు చక్కగా వెలిగిన బల్బు రోడ్డు మీద వేడెక్కి, నెలలోపే ఒక్కో వరస ఆరిపోవడం మొదలవుతుంది. ఎర్ర చిప్పుకు 2 వోల్టుల చిల్లరే కావాలి కాబట్టి ఈ బాధ కొంచెం తక్కువ, కానీ ఎర్ర చిప్పుకు వేరే గుణం ఉంది. వేడెక్కే కొద్దీ దాని వెలుగు బాగా తగ్గుతుంది. వోల్టేజ్ ఎంతున్నా కరెంటును ఒకేలా ఉంచే డ్రైవర్ అనే సర్క్యూట్ ఉన్న బల్బు కొనండి. డబ్బా మీద 9 నుంచి 16 వోల్టులనో, 10 నుంచి 30 వోల్టులనో రాసి ఉంటే సాధారణంగా డ్రైవర్ ఉన్నట్టు. బిగించాక బ్రేక్ పెడల్‌కీ సీటుకీ మధ్య ఒక కర్ర అడ్డం పెట్టి పది నిమిషాలు వెలగనివ్వండి. మొదటి నిమిషంలో ఉన్న వెలుగు పదో నిమిషంలో ఉందా లేదా చూస్తే బల్బు నాణ్యత తేలిపోతుంది.

ఇంకో పరీక్ష చెబుతాను, ఇది బల్బును చేతిలో పట్టుకునే చేయొచ్చు. ఎల్‌ఈడీ అడుగున రెండు సీసపు చుక్కలుంటాయి, ఒకటి టెయిల్‌ది, ఒకటి బ్రేక్‌ది. ఈ రెండూ లోపల ఒకే చిప్పులకు వెళ్తాయి కాబట్టి ఒకదాని కరెంటు రెండోదాంట్లోంచి వెనక్కి రాకుండా మధ్యలో డయోడ్ ఉండాలి. అది లేకపోయినా, మాడిపోయినా బ్రేక్ నొక్కగానే కరెంటు టెయిల్ వైర్లోకి తన్నుతుంది. లైట్ స్విచ్ వేయకుండానే టెయిల్ లైట్లు, నంబరు ప్లేటు లైటు, డ్యాష్‌బోర్డు లైట్లు మినుకుమంటాయి. దీన్ని పట్టుకోవాలంటే బల్బు ఒంటికి నెగటివ్, బ్రేక్ చుక్కకు పాజిటివ్ ఇచ్చి, టెయిల్ చుక్కకూ నెగటివ్‌కూ మధ్య ఒక 5 వాట్ల మామూలు బల్బు కలపండి. వెలగకూడదు. కొంచెం ఎర్రబడినా ఆ ఎల్‌ఈడీ వాపసు. ఇక్కడ మీటర్‌ని నమ్మకండి, ఏ కొద్ది లీకేజీ ఉన్నా అది పెద్ద వోల్టేజ్ చూపించి కంగారు పెడుతుంది. బల్బు అబద్ధం చెప్పదు. అన్నట్టు ఎర్త్ పోయిన హోల్డర్‌లో మామూలు ఫిలమెంట్ బల్బు ఉన్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి, ఎర్త్ దొరక్క కరెంటు రెండో ఫిలమెంట్ దారిన పోతుంది. ఎర్త్ ముందు చూడమన్నది అందుకే.

బల్బు హోల్డర్‌లో కూర్చోవడం గురించి రెండు ముక్కలు. డబుల్ ఫిలమెంట్ బల్బుకు పక్కనుండే రెండు పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైకి, ఒకటి కిందికి. తిరగేసి పెట్టకుండా ఆ ఏర్పాటు. బలవంతంగా తోస్తే దూరిపోతుంది, అప్పుడు టెయిల్ బ్రేక్‌గా, బ్రేక్ టెయిల్‌గా తారుమారవుతాయి. అడుగున ఒకే చుక్క ఉన్న సింగిల్ బల్బును ఇందులో ఇరికిస్తే రెండు కాంటాక్టులూ కలిసిపోతాయి, అదీ చూశాను. పిన్నులు లేకుండా బల్లపరుపు అడుగుతో నొక్కితే కూర్చునే రకమైతే, అంటే 7443 లాంటివైతే, ఎర్త్ ఏ కాళ్లకు వస్తుందన్నది బండిని బట్టి రెండు రకాలు. మీ బండిది ఏదో తెలుసుకోకుండా వేస్తే ఫ్యూజ్ ఎగిరిపోవచ్చు. చిన్న టీ10 బల్బు వెలగకపోతే తీసి తిప్పి పెట్టండి, ఎల్‌ఈడీకి పాజిటివ్, నెగటివ్ పట్టింపు ఉంటుంది.

ఇప్పుడు డ్యాష్‌బోర్డు గుర్తు. 21 వాట్ల ఫిలమెంట్ 12 వోల్టుల మీద 1.75 ఆంపియర్లు లాగుతుంది. మీ ఎల్‌ఈడీ అందులో ఆరో వంతు కూడా లాగదు. బండిలోని కంప్యూటర్ ఆ కరెంటు చూసే బల్బు ఉందా, పోయిందా అని లెక్కవేస్తుంది కాబట్టి, పోయిందనుకుంటోంది. కొన్ని బండ్లు లైటు ఆపి ఉన్నప్పుడు కూడా చిన్న చిన్న పల్స్‌లు పంపి ఫిలమెంట్ ఉందో లేదో తడిమి చూస్తాయి. ఫిలమెంట్ ఆ పాటి కరెంటుకు వెలగదు, ఎల్‌ఈడీ మాత్రం సన్నగా మిణుకుతుంది. దయ్యం పట్టిందని కాదు, అదీ సంగతి. మరికొన్ని బండ్లలో ఒకే 21 వాట్ల ఫిలమెంట్‌ని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ తగ్గించి టెయిల్‌గా వాడుకుంటాయి, అలాంటివాటిలో ఎల్‌ఈడీ వేస్తే కంటికి అదురు కనిపించవచ్చు.

దీనికి అందరూ చెప్పే మందు, బల్బుకు పక్కన 6 ఓమ్‌ల, 50 వాట్ల రెసిస్టర్ కలపమని. ఇండికేటర్లకు నేనూ కలిపాను. బ్రేక్‌కి మాత్రం కలపను. 14 వోల్టుల దగ్గర ఆ రెసిస్టర్ దాదాపు 33 వాట్ల వేడి పుట్టిస్తుంది. ఇండికేటర్ సగం సేపు ఆరి ఉంటుంది, పైగా మలుపు తిరగ్గానే ఆగిపోతుంది. బ్రేక్ అలా కాదు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే నిమిషాల తరబడి నొక్కే ఉంచుతాం. ఒకసారి ఎవరో కలిపిన రెసిస్టర్ డిక్కీ లోపల ప్లాస్టిక్ ట్రిమ్‌కి టేపుతో అంటించి ఉంటే నా దగ్గరికి వచ్చింది. ట్రిమ్ మీద వేలు పట్టేంత చిల్లు, చుట్టూ నల్లటి అంచు. పక్కనే కార్పెట్. ఆ 50 వాట్లన్న మాట లోహపు రేకుకు బిగించి ఉన్నప్పుడే వర్తిస్తుంది. తప్పదనుకుంటే కారు బాడీ రేకుకే స్క్రూలతో బిగించాలి, వైర్లు దాన్ని తాకకూడదు. రెసిస్టర్ బల్బు లోపలే పెట్టేసి, హెచ్చరిక రాదని చెప్పి అమ్మే రకాలు ఉన్నాయి. వాటిలో ఆ వేడంతా చిప్పుల పక్కనే కూర్చుంటుంది, ఎక్కువకాలం మన్నడం నేను చూడలేదు. మీ బండి సెట్టింగుల్లో బల్బు తనిఖీని ఆపే వీలుందేమో సర్వీసులో అడగండి. లేకపోతే, నిజం చెప్పాలంటే, మంచి ఫిలమెంట్ బల్బుకు తిరిగి వెళ్లిపోవడమే నేను చేసే పని.

కొన్ని పాత కార్లలో ఇంకో విచిత్రం ఉంది. పెడల్ తొక్కకుండానే వేగాన్ని ఒకేలా ఉంచే క్రూయిజ్ కంట్రోల్, బ్రేక్ బల్బు ఫిలమెంట్ ద్వారా ఎర్త్‌ని వెతుక్కుంటుంది. ఎల్‌ఈడీ వేయగానే ఆ దారి పోయి క్రూయిజ్ పడదు. క్రూయిజ్ పాడైందని మాడ్యూల్ మార్పించుకున్నవాళ్లున్నారు. మీ కారులో అది ఉండి, ఎల్‌ఈడీలు వేసినప్పటి నుంచి పనిచేయడం మానేస్తే ఒక పక్క పాత బల్బు పెట్టి చూడండి.

ఇండికేటర్ల గురించి మీరు అడగలేదు గానీ, వెనక డూమ్ విప్పాక చేయి అటు కూడా పోతుంది కాబట్టి చెబుతున్నాను. కరెంటు తగ్గగానే ఫ్లాషర్ రిలే బల్బు పోయిందనుకుని గబగబా కొట్టడం మొదలుపెడుతుంది. నిమిషానికి 60 నుంచి 120 సార్లు మధ్యలో కొట్టాలని నియమం. రిలే విడిగా ఉండే బండైతే ఎల్‌ఈడీకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ రిలే వేస్తే సరి. బైకులో ఎడమ, కుడి రెండింటికీ డ్యాష్‌బోర్డులో ఒకే సూచిక లైటు ఉంటే, ఎల్‌ఈడీలు వేశాక ఎటు వేసినా నాలుగూ కొడతాయి. ఆ సూచిక బల్బు ఎడమ వైరుకూ కుడి వైరుకూ మధ్య వేలాడుతూ కరెంటును అవతలికి దాటిస్తుంది. దాన్ని ఎర్త్‌కి కలిపి, రెండు వైపుల నుంచీ చెరో డయోడ్ పెడితే తీరిపోతుంది. పాత బైకుల్లో టెయిల్ లైటు బ్యాటరీ మీద కాకుండా నేరుగా మాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే ఏసీ మీద నడిచేది ఉంటుంది. అక్కడ మామూలు ఎల్‌ఈడీ అదురుతుంది, ఎక్కువసార్లు మాడిపోతుంది.

చట్టం సంగతి ఒక్క మాటలో. చాలా దేశాల్లో డూమ్‌కి ఆమోదం ఇచ్చేది ఫలానా రకం బల్బుతో కలిపే. ఫిలమెంట్ బల్బుకు ఆమోదం పొందిన డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు పెడితే ఆ ఆమోదం పోయినట్టే లెక్క. మీ దగ్గర తనిఖీలో, బీమాలో దీన్ని ఎలా చూస్తారో ముందు కనుక్కోండి. మీ మోడల్‌కే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎల్‌ఈడీ డూమ్ ఏదైనా ఉంటే, డూమ్‌తో సహా మార్చడం అన్నిటికన్నా శుభ్రమైన దారి. వైర్లు మాత్రం కోయకండి, కనెక్టర్ సరిపోయేదే తీసుకోండి.

ఇన్ని తిప్పలుంటే ఎల్‌ఈడీ ఎందుకు అంటారేమో. ఒక్క లాభం మాత్రం కాదనలేనిది. ఫిలమెంట్ వేడెక్కి పూర్తిగా వెలగడానికి సుమారు 0.2 సెకను పడుతుంది, ఎల్‌ఈడీ నొక్కిన క్షణమే వెలుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడు ఆ 0.2 సెకనులో ఐదున్నర మీటర్లు వచ్చేస్తాడు, అంటే ఒక కారు పొడవుకు మించే. కానీ ఈ లాభం వెనకవాడు తేడాను గుర్తించినప్పుడే.

కాబట్టి మీ వరకు నేను చేసేదైతే ఇదీ. తెల్లవి తీసేసి పాత రకం కొత్త బల్బులు పెట్టి ఎర్త్, వోల్టేజ్ కొలిచి, హోల్డర్లు శుభ్రం చేస్తాను. బహుశా మీ మూడు బల్బుల చావుకు కారణం అక్కడే దొరుకుతుంది. అయినా ఎల్‌ఈడీయే కావాలనిపిస్తే చుట్టూ చిప్పులున్న ఎర్రవి, రెండు వెలుగులూ విడిగా రాసినవి, డ్రైవర్ ఉన్నవి ఒక జత తెచ్చి, ఒక పక్క మాత్రమే పెడతాను. రెండో పక్క ఫిలమెంట్ అలాగే ఉంటుంది. రాత్రి హెడ్‌లైట్లు వేసి, ముప్పై నలభై అడుగుల వెనక ఒకరిని నిలబెట్టి, చెప్పకుండా బ్రేక్ నొక్కి వదులుతూ ఉంటాను. ఎప్పుడు నొక్కానో ఆ మనిషి ఎల్‌ఈడీ వైపు మాత్రమే చూసి చెప్పగలగాలి. తర్వాత పక్కకు జరిగి, ఏటవాలుగా నిలబడి మళ్లీ. ఒక్కసారి తడబడినా ఆ జత వద్దు. తోడు ఎవరూ లేకపోతే కారును గోడకు వెనక్కి పెట్టి అద్దంలో చూసుకోవచ్చు, కాకపోతే మీ కాలు ఎప్పుడు నొక్కుతుందో మీకు ముందే తెలుసు కాబట్టి కన్ను మిమ్మల్ని మోసం చేస్తుంది. ఫోన్ కెమెరాను కూడా నమ్మలేం, అది వెలుగును తనే సర్దేసుకుంటుంది.

మూడో బ్రేక్ లైటు అన్నారు కదా, దాన్ని ఇప్పటికి కదపకండి. అది టెయిల్‌తో కలవదు, బ్రేక్‌కి మాత్రమే వెలుగుతుంది, అందుకని ఈ తేడా గొడవ దానికి లేదు. ప్రస్తుతానికి మీ బండి వెనక నిజం చెబుతున్న లైటు అదొక్కటే. అందులో ఫిలమెంట్ బల్బు ఉంటే పక్కవాటికన్నా కొంచెం వెనకబడి వెలుగుతున్నట్టు కనిపిస్తుంది, అది లోపం కాదు. ఒకవేళ అది కూడా వెలగట్లేదంటే ఇవన్నీ పక్కనపెట్టి ఈ రాత్రికే పాత బల్బులు పెట్టేసి, బ్రేక్ పెడల్ దగ్గరుండే స్విచ్, ఫ్యూజ్ చూసుకున్నాకే బండి తీయండి.